నాలుగు వందల నలభై పౌన్లు

తూకం చీటీలో మూడు అంకెలే ఉన్నాయి, మూడూ స్పష్టంగానే ఉన్నాయి, అయినా కౌంటరు దగ్గర నిలబడి నాలుగోసారి చదువుతున్నాను. చదవడం ఆపితే బయటికి నడవాలి. బయట గాలిలో నాన్న పికప్ ఉంది, దాని వెనక నేను కొన్న పాత ట్రైలర్ ఉంది, పికప్ ముందు సీట్లో నాన్న, వెనక సీట్లో అమ్మ కూర్చుని ఉన్నారు. కాలు తీసేసిన రెండేళ్ళకి నాన్న మళ్ళీ ఇసుక దిబ్బలకి బయల్దేరాడు, అదీ ఉత్త చేతులతో కాదు, ట్రైలర్ ట్యాంకులో తొంభై గ్యాలన్ల నీళ్ళతో. గనిలో నాన్నతో డి షిఫ్టు చేసినవాళ్ళంతా ప్రతి ఈస్టరుకీ విన్నెమకా ఉత్తరాన దిబ్బల్లో నాలుగు రోజులు దిగుతారు, వంటకీ కాఫీకీ నీళ్ళు తేవడం ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి వంతు. పోయిన రెండు ఈస్టర్లకీ ఆ నీళ్ళు ఎవరు తెచ్చారో నాన్న అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఈ ఏడు తనే ఫోన్ చేసి, వస్తున్నాను, నీళ్ళు నావే అని చెప్పాడు. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, ట్రైలర్ ఇరుసుల మీద ఎంత అని లారీలు తూచే కాటా విడివిడిగా తేల్చింది. మొదటి రెండూ కలిపితే ఏడు వేల ఐదు వందల నలభై పౌన్లు. పికప్ తన నాలుగు చక్రాల మీద మోయదగ్గది ఏడు వేల వంద. ఆ ఏడు వేల వందను పావుగంట కిందట, డ్రైవరు తలుపు తీసి దిగుతూ, తలుపు సందులో అంటించిన స్టిక్కరు మీద మొదటిసారి చదివాను. ఆ పికప్ మా ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది.

"మళ్ళీ తూచాలా అమ్మా?" కౌంటరు వెనకామె కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఎక్కువొచ్చిన మొహాలు నాకు తెలుసులే. లారీవాళ్ళు రోజుకి పదిమంది సరిగ్గా నువ్వు నిలబడ్డచోటే నిలబడి ఆ చీటీని తిట్టిపోస్తారు. చీటీ ఏం చేసింది పాపం. సర్దుకుని రా, మళ్ళీ తూద్దాం."

సర్దుకోవడం. ఆ మాట విన్నప్పుడల్లా నడుం నొప్పి గుర్తొస్తుంది. రెండేళ్ళుగా శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా అమ్మానాన్నల ఇంటికి వెళ్తున్నాను, ఆదివారం దాకా నాన్నను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి ఎత్తే పని సగం నాది, మిగతా ఐదు రోజులూ మొత్తం అమ్మది. సోమవారం పొద్దున్నే కౌంటీ రోడ్ల ఆఫీసులో కూర్చుని వంతెనల లెక్కలు చూస్తాను. ఏ వంతెన ఎన్ని టన్నులు మోస్తుందో లెక్క కట్టి దాని రెండు చివర్లా తెల్ల బోర్డు పెట్టించడం నా ఉద్యోగం. మా రెండు వైపుల కుటుంబాల్లోనూ పై చదువు చదివింది నేనొక్కదాన్నే. రీనోలో పట్టా తీసుకున్న రోజు నాన్న నైట్ షిఫ్టు దిగి నేరుగా కారెక్కి, గని బూట్లతోనే వచ్చాడు, ముందు వరసలో కూర్చుని నా పేరు పిలిచేసరికి నిద్రపోయాడు. అప్పటినుంచీ ఎవరు కనిపించినా ఒకటే మాట, మా మార్లా వంతెనల్ని తూస్తుంది. కౌంటీలో వాగు మీద పడుకున్న ప్రతి దూలం ఎంత మోస్తుందో నాకు తెలుసు. మా అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి నేనే తోలుతున్న బండి ఎంత మోస్తుందో తెలీదు.

నాకు కనుమ మీదే తెలియాల్సింది. కార్లిన్ సొరంగాలు దాటి ఎమిగ్రంట్ కనుమ ఎక్కేటప్పుడు బాగానే ఉంది, దిగేటప్పుడు పక్కనుంచి గాలి కొట్టింది. స్టీరింగు ఉన్నట్టుండి చేతుల్లో తేలికైపోయింది, ముందు చక్రాలు రోడ్డుని అంటీ అంటనట్టు ఉన్నాయి, ఒక పెద్ద లారీ దాటిపోతూ ట్రైలర్‌ని తనవైపు గుంజి మళ్ళీ అవతలికి నెట్టింది, ఆ ఊపు వెనకనుంచి నా వెన్నులోకి వచ్చింది. "గాలే, గట్టిగా పట్టుకో, అదే సర్దుకుంటుంది," అన్నాడు నాన్న, ఆవలిస్తూ. ముప్ఫై ఒక్క ఏళ్ళు గని గోతిలో రెండు వందల నలభై టన్నుల డంపరు నడిపినవాడు ఇంతకన్నా ఏం అంటాడు. అద్దంలో అమ్మ కనిపించింది, నా సీటు వెనక భాగాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది, ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనకపోతేనే నాకు భయం. బ్యాటిల్ మౌంటెన్‌లో లారీల పెట్రోలు బంకు దగ్గర కాటా బోర్డు చూడగానే లోపలికి తిప్పేశాను. డీజిలుకా అన్నాడు నాన్న. అవునన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఇంకా ఆయనతో చిన్న చిన్న అబద్ధాలాడుతూనే ఉన్నాను.

అసలు అబద్ధం ఇది కూడా కాదు. అది ట్రైలర్ కొన్న రోజుది. స్పార్క్స్‌లో ఒకతను అమ్మకానికి పెట్టాడు, విడాకులట, బండిని చూస్తుంటే కడుపు మండుతోందట. వెనక సగం గ్యారేజీ, ముందు సగం ఇల్లు. మా వైపు సగం మంది దగ్గర ఇలాంటివే ఉంటాయి, గ్యారేజీలో ఇసుకలో పరిగెత్తే నాలుగు చక్రాల మోటారు బళ్ళు కట్టేసుకుని దిబ్బలకి పోతారు, ఇల్లూ ఆటా ఒకే బండిలో. నేను చూసింది ఆట కోసం కాదు. వెనక గోడ మొత్తం కిందికి వాలి బాటలా పరుచుకుంటుంది, ఆ బాట మీదుగా నాలుగు వందల పౌన్ల మోటారు కుర్చీ మనిషితో సహా లోపలికి వెళ్ళిపోతుంది, ఎవరూ ఎవర్నీ ఎత్తక్కర్లేదు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి పద్ధతిగా చూశాను. మూలల్లో నేలను మడమతో తొక్కి చూశాను, ఎడమ మూల కొంచెం మెత్తగా ఉంది, పైనుంచి నీరు కారి ఉంటుంది. టైర్ల మీద తయారీ తేదీ చదివాను, ఎనిమిదేళ్ళ పాతవి, మార్పించాలని రాసుకున్నాను, మార్పించాను కూడా. కప్పు మీదికి ఎక్కి అతుకులు చూశాను. కంపెనీ పుస్తకంలో ఖాళీ బరువు చూశాను. మా పికప్ పదకొండు వేల పౌన్లు లాగుతుందని దాని పుస్తకంలో ఉంది, ట్రైలర్ నిండితే ఎనిమిది వేల మూడొందలు, ఇంకా బోలెడు మిగులుంది. "ఈ పికప్‌కి ఇదో లెక్కా, లాగుతున్నట్టే తెలీదు," అన్నాడు అమ్మేవాడు. లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ తన బరువంతా తన చక్రాల మీదే పెట్టుకోదు, ముందుకి వాలి కొంత బరువును పికప్ నెత్తిన పెడుతుంది, పికప్‌లో అప్పటికే మనుషులుంటారు, సామానుంటుంది, అదంతా కలిపి తలుపు సందులో స్టిక్కరు మీద ఉన్న అంకె దాటకూడదు. ఇది నాకు తెలియని విషయం కాదు. ఒక వంతెన మీద ఎంత బరువు వెళ్తుందో అడిగేవాళ్ళకి, ఎక్కడ ఆనుతుందో చూడండి అని ఎన్నిసార్లు చెప్పానో. తలుపు తీసి చూద్దామని ఆ రోజు కూడా అనుకున్నాను, నిజంగా అనుకున్నాను, అప్పుడే నాన్న కుర్చీలో ఆ బాట ఎక్కాడు. ఎక్కి లోపల గుండ్రంగా తిరిగి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. నాలుగుసార్లు ఎక్కాడు దిగాడు. నాలుగోసారి లోపల ఆగి, గోడకున్న కొక్కేలు తడుముతూ, "ఇక్కడ కాఫీ కెటిలు తగిలించొచ్చు ఆర్డిత్," అన్నాడు అమ్మతో. ఆ గొంతు విని రెండేళ్ళయింది. నేను తలుపు తీయలేదు. చదువుకున్నవాళ్ళు కూడా చదవకుండా వదిలేసే కాగితాలుంటాయి, లోపలేముందో భయమేసి.

పికప్ దగ్గరికి నడిచేసరికి ఇసుక కళ్ళల్లో పడింది. పికప్ కుంగకుండా ఎత్తి పట్టే గాలి తిత్తులు చూశాను, వెనక ఇరుసు మీద రెండు వైపులా నల్లగా ఉబ్బి ఉన్నాయి. రెండు వారాల కిందట నాన్న కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను బండి కింద పడుకుని బిగించినవి. ట్రైలర్ తగిలించగానే పికప్ వెనక్కి కుంగింది, తిత్తుల్లో గాలి కొట్టాం, మళ్ళీ సాపుగా లేచింది. రసమట్టం తెప్పించి బంపరు మీద పెట్టి చూశాను, బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. నాన్న చప్పట్లు కొట్టాడు. వంగలేదు కాబట్టి బరువు లేదనుకున్నాడు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను, పట్టా ఉన్నదాన్ని, రసమట్టం చేతిలో పట్టుకుని. గాలి తిత్తి బరువును తీసెయ్యదు, కనపడకుండా చేస్తుంది. అమ్మ కూడా అంతే కదా. ఐదు రోజులు ఎత్తి దించి, శుక్రవారం నేను లోపలికి అడుగుపెట్టేసరికి నిటారుగా నిలబడి, ఈ వారం పెద్ద కష్టమేం లేదే అంటుంది, నేను నమ్మేస్తాను, నమ్మితే నాకూ సుఖం కాబట్టి.

"డీజిలు కొట్టించలేదేం?" అన్నాడు నాన్న, నేను ఎక్కి కూర్చోగానే. నా చేతిలో చీటీ చూశాడు. "ఓహో. తూయించావా."

"నాలుగు వందల నలభై ఎక్కువుంది నాన్నా."

"దేనికెక్కువ?"

"పికప్ మోయాల్సినదానికి."

"శాతంలో చెప్పు."

నాకు తెలుసు అడుగుతాడని. "ఆరు."

"ఆరేనా!" నాన్న సీట్లో వెనక్కి వాలాడు, డాక్టరు ఏమీ లేదు పొమ్మన్నట్టు. "చంపేశావు కదే, ఏదో అయిపోయిందనుకున్నాను. ఆరంటే పది లోపే. పోనీ."

పది లోపు. నేను నడక నేర్చిన ఇంట్లో అదొక మంత్రం. గనిలో డంపరుకి ఇంత అని ఒక లెక్క ఉంటుంది, డంపరు పక్కన దీపాలుంటాయి, యంత్రపు పారతో రాయి పోసేవాడికి కనపడేట్టు. ఆకుపచ్చ వెలిగినంతసేపూ పోస్తాడు, పసుపు వస్తే చాలంటారు, ఎరుపు వచ్చినా పది శాతం లోపైతే ఎవరూ ఏమీ అనరు, బండి కదిలిపోతుంది, ఎందుకంటే రాయి చెప్పినట్టు పడదు, కంపెనీకి తెలుసు, బండి చేసినవాడికీ తెలుసు, ఆ పది వాడే ముందుగా కట్టి ఇస్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ పది మా నాన్నను మోసింది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. షుగరు పది శాతం ఎక్కువంటే పది లోపే అన్నాడు. పాదం మీద పుండు పడితే, చిన్నదే, పది లోపే అన్నాడు. మా టౌన్లో గనివాళ్ళంతా ఇలాగే మాట్లాడతారు, పెళ్ళికి పిలిచినవాళ్ళకన్నా ఎక్కువ మంది వచ్చినా పది లోపేనా అని అడుగుతారు, నవ్వుకుంటారు. నేను ఆయన్ని తప్పని కొట్టిపారేయలేను, అదే నా బాధ. నేను వంతెనకి ఇరవై టన్నులని బోర్డు పెడితే అది ఇరవై ఒకటికి విరిగిపోదు. కొంత బలం దాచి పెడతాం మేమూ. ఎంత దాచామో బోర్డు మీద రాయం, రాస్తే అది కూడా వాడేసుకుంటారు. నాన్నకి ఈ రహస్యం తెలుసు, నేనే చెప్పాను, చదువుకునే రోజుల్లో సెలవులకొచ్చి వంటింట్లో గొప్పగా చెప్పాను.

"మీవాళ్ళు దాచి పెట్టే ఉంటారు," అన్నాడు ఇప్పుడు. "నువ్వే కదే చెప్పావ్. స్టిక్కరు రాసినవాడు నీలాంటివాడే. భయస్తుడు."

"అది గనిలో నాన్నా. గంటకి ఇరవై మైళ్ళు, బయటి బండి ఎదురు రాదు, రోడ్డు మీ సొంతం. ఇక్కడ గాలి కొడుతుంటే అరవై మీద వెళ్తున్నాం. ఇంకా గోల్కొండ కనుమ దిగాలి."

"ఎవరికెంత రాశావు నువ్వు, లెక్కలో?" అని వెనకనుంచి అమ్మ అడిగింది, అప్పటిదాకా నిద్రపోతోందనుకున్నాం. చీటీ వెనక నేను పెన్సిలుతో వేసుకున్న లెక్క ఆమెకి నా భుజం మీదుగా కనిపిస్తోంది. "నాకు నూట నలభై వేశావేమిటి?"

"నువ్వు చెప్పిందే కదమ్మా."

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "అది లైసెన్సు తీసుకున్నప్పటిది. నూట డెబ్భై ఒకటి వేసుకో."

నాన్న మెడ తిప్పగలిగినంత తిప్పాడు. "నలభై మూడేళ్ళు కాపురం చేశాను, ఇవాళ బ్యాటిల్ మౌంటెన్‌లో కాటా దగ్గర తెలిసింది నాకు."

"నువ్వు నోరు మూసుకో రోలండ్. నీకు రెండొందల పది వేసింది, అందులో కాలు తీసేసిందో లేదో అడుగు ముందు."

ముగ్గురం నవ్వాం. లెక్క ఎలా వేసినా కాటా చెప్పింది మారదు, కాటా అమ్మను అడిగి తూచలేదు. నేను చెప్పేశాను. స్పార్క్స్‌లో తలుపు తీయలేదని, తీయాలని తెలిసీ తీయలేదని, లాగే అంకె చూసి మోసే అంకె వదిలేశానని, ఈ పికప్‌కి ఈ ట్రైలర్ ముగ్గురు మనుషులతో, నిండు ట్యాంకుతో ఎప్పటికీ సరిపోదని. ఆయన ముఖం చూసి ఆగిపోయానని మాత్రం చెప్పలేదు. చెబితే అది కూడా ఆయన మీద వేసినట్టవుతుంది. నాన్న తిడతాడనుకున్నాను, తిడితే బావుండును. అద్దం పక్కన వేలాడుతున్న గని గుర్తింపు కార్డును వేలితో తిప్పి, మళ్ళీ తిప్పాడు.

"అయితే కుర్చీ దించెయ్యండి," అన్నాడు చివరికి.

"ఏంటి?"

"నాలుగొందల నలభై అన్నావు కదా. కుర్చీ నాలుగొందలు. ఇంకో నలభై ఏదో ఒకటి తీస్తే సరి. నన్ను అక్కడ గోనెసంచిలా ఒక దిబ్బ మీద పారేసి మీ పని మీరు చూసుకోండి. మిగతావన్నీ అందరికీ కావాల్సినవి. ఇంట్లో బరువైంది నేనొక్కణ్ణే అని నాకు తెలీదనుకుంటున్నారా? మీ ఇద్దరి నడుములూ నాకు వినిపిస్తాయి, రాత్రిళ్ళు, గోడ అవతలనుంచి."

అలసట అంటే నిద్ర లేకపోవడమనుకుంటాం, నాకు ఆ క్షణంలో తెలిసింది, ఒకళ్ళు బరువని అనుకోకుండా ఉండటానికి పడే శ్రమ అంతా కలిపి అలసట అని. రెండేళ్ళుగా ముగ్గురం ఒకళ్ళ ముందు ఒకళ్ళు సాపుగా నిలబడుతున్నాం. ఓదార్చాలని నోరు తెరిచాను, అలా కాదు నాన్నా, నువ్వు బరువేంటి, అని ఏదో ఒకటి, అందరూ అనేదే. తెరిచిన నోట్లోంచి వేరేది వచ్చింది, లెక్క వచ్చింది, నాకు చేతనైంది అదొక్కటే కాబట్టి.

"కుర్చీ తీస్తే బరువు పెరుగుతుంది నాన్నా."

"ఏమిటీ?"

"పికప్ మీద. పెరుగుతుంది. కుర్చీ ఎక్కడుంది? గ్యారేజీలో, ట్రైలర్ చక్రాలకి వెనక. పిల్లలూగే బల్ల అనుకో. చక్రాలు మధ్యలో. కుర్చీ వెనక చివర కూర్చుని ముందు చివరని పైకి లేపుతోంది. ఈ రకం బండిని చేయడమే అలా చేశారు, వెనక బరువుంటుందని. గ్యారేజీ ఖాళీగా ఉంటే ముక్కు నేలకేస్తుంది, ఆ ముక్కు మన నెత్తి మీదుంది. కుర్చీ దించితే ఈ నాలుగొందల నలభై కాస్తా ఆరొందలు దాటుతుంది."

నాన్న నా వైపు చూశాడు. ముసలి డంపరు డ్రైవరు కళ్ళు అవి, లెక్క చెబితే ముందు నమ్మవు, తరవాత మనసులో బండిని నిలబెట్టి చుట్టూ తిరిగి చూసుకుంటాయి. పెదాలు కదులుతున్నాయి, ఇరుసు ఇక్కడ, కుర్చీ అక్కడ.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి చీటీ వెనక బొమ్మ గీశాను, చక్రాలు రెండు సున్నాలు, కుర్చీ ఒక గీత, ముక్కు ఒక బాణం. అమ్మ కూడా ముందుకి వంగి చూసింది.

"అంటే నేను కిందికి లాగట్లేదన్నమాట."

"నువ్వు కూర్చున్న సీటు వేరే లెక్క," అంది అమ్మ. "కుర్చీ సంగతి చెబుతోంది అది."

"తెలుసులేవే." నాన్న బొమ్మ మీద వేలు పెట్టాడు, చక్రాలకి ముందు, మంచం కింద, నేను చతురస్రం గీసిన చోట. "మరి కిందికి లాగుతున్నదేది? ఇదా?"

ట్యాంకు అది. తొంభై గ్యాలన్లు, ఏడొందల యాభై పౌన్లు, అందులో సగం పికప్ నెత్తిన. నిన్న సాయంత్రం ఆయనే గొట్టం పట్టుకుని కుర్చీలో కూర్చుని నింపాడు, నిండి పైనుంచి పొంగి చక్రాలు తడిసేదాకా ఆపలేదు, నన్ను పట్టుకోనివ్వలేదు. కాలు పోయాక ఆయన మొదటినుంచి చివరిదాకా ఒక్కడే చేసిన పని అదొక్కటే. అక్కడ దిబ్బల్లో బెనీ ఎచెవెరీ గొర్రె మాంసం తెస్తాడు, టటిల్ వాళ్ళు కట్టెలు తెస్తారు, ఒకళ్ళది ఒకళ్ళు తేరు. ఏమీ తేకుండా వచ్చేది రెండు రకాలవాళ్ళే, కొత్త కోడళ్ళూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళూ. ఇవన్నీ ఆయన తలలో ఇప్పుడు తిరుగుతున్నాయని నాకు తెలుసు, నా తలలో కూడా తిరుగుతున్నాయి, ఒకే బండిలో కూర్చుని ఒకే సంగతి వేరువేరుగా ఆలోచిస్తున్నాం. వెనక్కి పోదామా అని అడుగుదామనిపించింది. అడిగితే సరేనంటాడు. సరేనని ఇంటికెళ్ళి, టీవీ పెట్టుకుని, పది లోపే అని ఇంకెప్పుడూ అనడు.

"దించండి నన్ను," అన్నాడు.

దించడానికి పది నిమిషాలు పట్టింది. లారీలు నిలిపే చోటికి దూరంగా, కంకర పరిచిన అంచుకి బండిని జరిపాను, వెనక గోడ వాల్చి కుర్చీని బయటికి నడిపాను, నేనూ అమ్మా చెరో చంక కింద చెయ్యి వేసి ఆయన్ని సీట్లోంచి కుర్చీలోకి మార్చాం. అమ్మ సన్నగా మూలిగింది. ఈసారి ఆ చప్పుడు వినిపించిందని నాన్న దాచలేదు, ఆమె మోచెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు. ట్యాంకు కుళాయి బండి పొట్ట కింద ఉంది, వంగితే తప్ప అందదు. నేను మోకాళ్ళ మీద కూర్చోబోతే ఆగమన్నాడు. అల్మారాలో డబ్బాలు అందుకోవడానికి అమ్మ కొన్న పట్టుకర్ర కుర్చీ పక్క సంచిలోంచి తీశాడు, పక్కకి ఒరిగి, కర్ర చివరి కొక్కెంతో కుళాయి పిడిని వెతికాడు. రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది. నీళ్ళు బొటనవేలంత లావున కంకర మీద పడ్డాయి, ఎండిన నేల కాసేపు తాగి, తరవాత తాగలేక సన్నటి కాలవ కట్టింది.

కాఫీ కప్పుతో అటుగా వెళ్తున్న లారీ డ్రైవరు ఆగాడు. "పెద్దాయనా, నీ బండి కారుతోంది."

"నాకు తెలుసు."

"చాలా కారుతోంది."

"నేనే వదిలాను. నీకు స్నానం చెయ్యాలనుంటే ఇప్పుడే చెప్పు."

డ్రైవరు నవ్వి వెళ్ళిపోయాడు. నాన్న నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. నేను ఈలోగా పికప్ వెనకున్న పనిముట్ల పెట్టెను గ్యారేజీ చివరికి ఈడ్చాను, ఎనభై పౌన్లు, ట్యాంకు ఖాళీ అయ్యాక మిగిలే అరవై అయిదుకి అది సరిపోవాలి, సరిపోతుందని లెక్క చెబుతోంది, కాటా ఏమంటుందో చూడాలి. తిరిగి వచ్చేసరికి ఫోను మోగుతోంది, స్పీకరు పెట్టాడు, ఆయనకి కుడి చెవి గనిలోనే పోయింది.

"రోలీ! ఎక్కడ చచ్చావురా? మధ్యాహ్నానికే వస్తానన్నావు." బెనీ గొంతు, వెనకాల మోటారు బళ్ళ రొద.

"బ్యాటిల్ మౌంటెన్‌లో ఉన్నాను." నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్ బెనీ. నీళ్ళు తేవట్లేదు నేను."

"ఏమైంది?"

"బండి మొయ్యట్లేదు. మా మార్లా తూయించింది. మీలో ఎవరైనా విన్నెమకా పోయి తెచ్చుకోవాలి. నాక్కూడా." ఆ చివరి మాట దగ్గర ఆయన ఆగాడు. ఇన్నేళ్ళలో నాన్న ఎవర్నీ ఏదీ తెమ్మని అడగడం నేను వినలేదు. ఆసుపత్రిలో కూడా నర్సుని మంచినీళ్ళు అడగలేదు, అమ్మ వచ్చేదాకా ఆగాడు.

అటునుంచి రొద తగ్గింది, బెనీ పక్కకి నడిచినట్టున్నాడు. "నీ ట్యాంకు నీళ్ళు ఎప్పుడైనా నువ్వు తాగావురా?"

"రోజూ తాగాను. ఏం?"

"రబ్బరు గొట్టం నాకినట్టుంటాయి. ఇరవై ఏళ్ళు ఆ కాఫీ తాగాను నీ మొహం చూసి. ఈ రెండేళ్ళూ టటిల్ వాళ్ళబ్బాయి డబ్బాల్లో తెచ్చాడు, అప్పుడు తెలిసింది కాఫీకి కాఫీ రుచి ఉంటుందని. ఎవడూ నీతో చెప్పే ధైర్యం చెయ్యలేదు. ఈసారి నువ్వు ఫోన్ చేసి నీళ్ళు నావే అన్నావు చూడు, ఇక్కడ అందరి మొహాలూ వాడిపోయాయి."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న మెడ మీదినుంచి ఎరుపెక్కాడు, ఏదో తిట్టు మొదలుపెట్టి, సగంలో వదిలేశాడు.

"వెధవా. ఇరవై ఏళ్ళు చెప్పలేదే."

"నువ్వు రావడం మానేస్తావని. సరే, పొద్దు పోకముందే వచ్చెయ్. నీళ్ళ సంగతి మేం చూస్తాం." ఫోను ఆగిపోయింది.

నాన్న కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాడు. నీళ్ళు అలాగే పడుతున్నాయి, ట్యాంకు సగం కూడా దిగలేదు, కనీసం ఇంకో అరగంట పడుతుంది. అమ్మ బూట్లూ మేజోళ్ళూ విప్పి, లాగు మోకాళ్ళ దాకా మడిచి, ధార కింద ఒక పాదం పెట్టింది, తరవాత రెండోది. చీలమండలు వాచి ఉన్నాయి, నేను ఇంతకుముందు చూడలేదు. "చల్లగా ఉన్నాయి," అంది, ఎవరితోనూ కాదు. నాన్న కుర్చీని ఆమె పక్కకి నడిపి, ఆనుకోవడానికి భుజం ఇచ్చాడు.

నేను గ్యారేజీ నేల మీద కూర్చున్నాను, కూర్చున్నదాన్ని వెనక్కి వాలిపోయాను, మెత్తబడిన మూల భుజం కింద కొంచెం దిగింది. ఖాళీ అయ్యాక కుళాయి కట్టాలి, నాన్నను ఎక్కించాలి, మళ్ళీ కాటా మీదికి నడపాలి, గోల్కొండ దిగాలి, వచ్చే నెలలో ఈ ట్రైలర్‌ని ఏం చెయ్యాలో, ఇంతకన్నా పెద్ద పికప్ చూడాలో, ఏదో ఒకటి తేల్చాలి, సోమవారం ఒక వాగు వంతెన ఉంది, దాని కింది దూలం తుప్పు పట్టింది. లేవాలి.

"పడుకోవే," అన్నాడు నాన్న, బయటనుంచి. "ఇది అయిపోయేదాకా నేను చూస్తాను. అయ్యాక లేపుతాను."

"గోల్కొండలో గాలి…"

"లేపుతానన్నాను కదా."

కళ్ళు మూసుకున్నాను. అమ్మ ఏదో అడిగింది, ఆయన ఏదో చెప్పాడు, మాటలు అందలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం అందుతూ ఉంది, కాసేపటికి అది కూడా దూరమైంది.